లేచే బొమ్మ

"దూకమ్మా!" అంది మా అమ్మాయి.

కంప్యూటర్ తెర మీద చిన్న బొమ్మ గోడ అంచున నిలబడి ఉంది. ముందు పెద్ద గుంట. నా వేలు మీట మీదే బిగుసుకుపోయింది.

"పడిపోతాడేమోనే."

"పడనీ. గేములు తెలియనివాళ్ళు కూడా ఆడగలగాలి. సాయంత్రంలోగా నేను చేసిన ఈ గేమును పోటీకి పంపాలి. నీ అంత తెలియనివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?"

"పొగిడింది చాల్లే. ఆ నీలం చొక్కా ఎవరిదే?"

"నాన్నదే."

ఆయన పనిలో ఉండగా, కడుతున్న మేడ మీద నుంచి పడి చనిపోయి ఏడాదైంది. నాకింతవరకు ఏడుపే రాలేదు. ఇల్లు దాటిన ప్రతి ఒక్కరూ పడిపోతారనే భయం మాత్రం మిగిలింది.

మీట నొక్కి కళ్ళు మూసుకున్నాను.

"చూడమ్మా."

చూశాను. గుంటలో పడ్డ బొమ్మ మళ్ళీ గోడ మీద లేచి, చొక్కా దులుపుకుంటోంది.

మళ్ళీ నొక్కాను. పడ్డాడు. లేచాడు. మళ్ళీ నొక్కాను.

"కావాలని పడేస్తున్నావా? అవతలి గోడ మీదికి దూకించాలమ్మా! టైమైపోతోంది."

"ఉండవే. ఇంకొక్కసారి లేవనీ."

అమ్మాయి గడియారం చూసింది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఈ గుంట తయారు చేసిన రోజు నేనూ ఇంతేనమ్మా," అంది.