అలమరాలో గుర్రం

"ఎలకలే!" అంది టీచరు, ఆయా నోరు తెరవకముందే.

ఆయా చేతుల్లో ఊగే కొయ్యగుర్రం ఉంది. దాని ముందుకాలు విరిగింది. జీను మీద రంగు నున్నగా అరిగిపోయింది. అలమరాలో దాని పక్కనే ఉన్న డోలుకి చిల్లు పడింది. గ్రాంటు ఆఫీసరు వచ్చే వేళకి, ఏడాది తర్వాత అలమరా తలుపు తీస్తే ఆయాకి కనబడిన సంబడం ఇది.

"ఎలకలు గుర్రం ఎక్కుతాయా టీచర్?"

"ఈ కాలం ఎలకలు దేన్నయినా ఎక్కుతాయి. ముందు దాన్ని గోడవైపు తిప్పిపెట్టు."

ఆయా గుర్రాన్ని గోడవైపు తిప్పిపెట్టింది. ఆ పిల్లల బడి నడిచేదే సర్కారు ఇచ్చే గ్రాంటు మీద. పోయినేడు అది వచ్చాకే కప్పు కారడం ఆగింది. పిల్లలకి మధ్యాహ్నం పాలు, ఆయాకి ఉద్యోగం వచ్చాయి. ఈ ఏడు రాకపోతే బడికి తాళమే.

ఆ డబ్బుతో కొన్న బొమ్మలకైతే తాళం ఎప్పుడో పడింది. కొన్న రోజే టీచరు వాటిని అలమరాలో పెట్టి, తాళంచెవికి తాడు కట్టి మెడలో వేసుకుంది. "ఒక్కటి విరిగినా వచ్చే ఏటి గ్రాంటుకి నీళ్ళొదులుకోవాల్సిందే" అనేది. పిల్లలు అలమరా దగ్గరికి వెళ్తే కళ్ళెర్రజేసేది. పాపం, వాళ్ళు ఖాళీ అట్టపెట్టెల్లో కూర్చుని బస్సాట ఆడుకునేవారు. తల్లులు ఆమెకి తాళాల టీచరని పేరు పెట్టేశారు.

మరి తాళంలో ఉన్న గుర్రం ఎలా అరిగింది? ఆయా బుర్ర బద్దలుకొట్టుకుంది.

"కొట్టువాడు పాతది అంటగట్టి మనకి టోపీ వేశాడేమో టీచర్!"

"అవునవును, వాడే!" అంటూ టీచరు ఎలకల్ని అక్కడికక్కడే వదిలేసింది.

ఆఫీసరు రానే వచ్చాడు. ముఖం గంటు పెట్టుకుని కప్పు చూశాడు, పాలగ్లాసులు చూశాడు, పిల్లల్ని చూశాడు. "పోయినేడు కొన్న బొమ్మలేవి?" అన్నాడు.

ఆయా గుర్రానికి అడ్డంగా నిలబడి, అలమరాలోంచి తీసి దులిపి పేర్చిన ఆట చెక్కముక్కల్ని చూపించింది. "ఇవేనండీ."

"నీ వెనకాల ఏముందమ్మా?"

"గోడండీ."

"గుర్రం!" అని కేకేసింది రెండు పిలకల పిల్ల.

ఇక ఆయా పక్కకి జరగక తప్పలేదు. ఆఫీసరు వంగి, విరిగిన కాలిని తడిమాడు. అరిగిన జీనుని వేలితో నిమిరాడు. టీచరు తల దించుకుంది. అయిపోయింది, రేపటి నుంచి ఇంట్లో కూర్చోవడమే అనుకుని ఆయా కళ్ళు మూసుకుంది.

"ఈ గుర్రం ఎవరిదమ్మా?" అని ఆఫీసరు పిలకల పిల్లని అడిగాడు.

"టీచర్ది."

ఆఫీసరు పకపకా నవ్వాడు. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది! 'మాదే సార్, రోజూ ఆడుకుంటాం సార్' అని పాఠం అప్పజెప్పని పిల్లని ఇన్నాళ్ళకి చూశాను."

"అంటే..." అంది ఆయా.

"ఏ బడికి వెళ్ళినా ఇదే వరస. బొమ్మలకి కవర్లయినా విప్పరు. ఆడించమని ఇస్తే దాచిపెడతారా? వాళ్ళందరికీ గ్రాంటు ఆపేశాను. ఆడుకుంటే అరగదూ, విరగదూ? మీకు మాత్రం ఖాయం. ఈసారి ఇంకాస్త గట్టి గుర్రం కొనండి టీచర్ గారూ. పిల్లలకి పాలు బాగానే ఒంటబడుతున్నట్టున్నాయి."

ఆయన గేటు దాటాక ఆయా ఆనందం పట్టలేక పిల్లల్ని ముద్దులతో ముంచెత్తింది. "టీచర్, ఇంకా ఆ తాళమెందుకు? విరిగితేనే ఇస్తున్నారుగా!"

గ్రాంటు వచ్చిన కళ టీచరు ముఖంలో లేదు. మెడలోని తాళంచెవిని వేళ్ళతో తిప్పుతూ ఉండిపోయింది.

"సరే, రేపట్నించి పిల్లలే ఆడుకుంటారు."

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే..."

"రేపన్నానా!" కసిరింది టీచరు.

ఇన్నాళ్ళ పిసినారితనం ఒక్క పూటలో వదులుతుందా అనుకుంది ఆయా.

సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయారు. టీచరు రోజూలాగే రిపోర్టులు రాయాలని ఉండిపోయింది. సగం దూరం వెళ్ళాక ఆయాకి గొడుగు గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. వరండాలో అడుగుపెట్టేసరికి లోపల్నుంచి కిర్రు కిర్రుమని చప్పుడు. ముసలి ఫ్యాను గోల రోజూ ఉండేదేగా అనుకుంది. తలెత్తి చూస్తే వరండా దీపం వెలగడం లేదు. కరెంటే లేదు, ఇక ఫ్యాను తిరిగేదెలా?

నిజంగా ఎలకలే! ఆయా చీపురు అందుకుని, చప్పుడు చెయ్యకుండా కిటికీలోంచి తొంగి చూసింది.

కొయ్యగుర్రం మీద టీచరు ఊగుతోంది.