మూడో అంతస్తు అడిగిన వేడి

జనవరి కావడంతో గోర్లిట్స్‌లో సాయంత్రం ఐదుకే చీకటి పడింది. పాత భవనం నేలమాళిగలో హెన్రికే గదుల్ని వెచ్చగా ఉంచే కొత్త బాయిలర్ కంట్రోలర్‌కు అంతస్తుల లైన్లు ఒక్కొక్కటే కలుపుతోంది. ఆ భవనం బాగోగులు చూసే లోబెడాన్ పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

"మూడో అంతస్తు ఇరవై నాలుగు డిగ్రీలు అడుగుతోందండీ," అంది హెన్రికే.

"అక్కడెవరున్నారమ్మాయ్? ఏడాదిగా తాళమే. గదిలోంచి వేడి అడిగే థర్మోస్టాట్ కూడా పీకేశాం."

ఆమె ఆ లైను ఆపేసింది. నిమిషం తిరక్కుండానే తెర మీద ఇరవై నాలుగు మళ్ళీ వెలిగింది.

లోబెడాన్ ముఖం పాలిపోయింది.

"అక్కడుండే క్రూబెల్ ముసలావిడ అంతే అడిగేది. చనిపోయిన రాత్రి కూడా నాలుగుసార్లు ఫోన్ చేసింది. చాదస్తంలే అనుకుని ఆ అంతస్తు వేడి లైను కట్టేసి పడుకున్నాను. తెల్లారేసరికి చలికి బిగుసుకుపోయి ఉంది."

హెన్రికే మళ్ళీ తెర వైపు చూసింది.

"అడిగిన వేడి ఇచ్చెయ్యి," అన్నాడాయన. "నేను వెళ్ళి చూసొస్తా. అప్పుడు వెళ్ళలేదు."

హెన్రికే ఆ లైను తెరవగానే పంపు తిరగసాగింది. ఆయన అడుగుల చప్పుడు మెట్లెక్కి పైకి పోయింది. ఎక్కడో తలుపు తెరుచుకుని మూసుకుంది. ఆ వెంటనే మూడో అంతస్తు వేడి అడగడం మానేసింది.

అరగంట గడిచినా ఎవరూ దిగి రాలేదు. హెన్రికే మెట్ల దగ్గరికి వెళ్ళి, "లోబెడాన్ గారూ!" అని కేకేసింది.

పైనుంచి ఒక ముసలి ఆడగొంతు తృప్తిగా పలికింది.

"ఇప్పుడు వెచ్చగా ఉందమ్మా."