కుడి భుజం

కుమారస్వామి కుడి భుజం మీద, చర్మం కింద, ఏదో చీమలబారులా కదిలింది.

రత్నమాల నూలు కండె చుట్టడం ఆపి మొగుడి భుజం మీద అరచెయ్యి వేసింది. సన్నగా, ఆగకుండా అదురుతోంది.

మగవాడికి కుడి భుజం అదిరితే శుభమని బండారులంకలో పసిపిల్లలకి కూడా తెలుసు.

అది 2006 వేసవి. అంతకు కొద్ది రోజుల ముందే హైదరాబాదులో ఒక ఆసుపత్రివాళ్ళు అతని తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలని వెన్నులోకి ఎక్కించారు. చచ్చుబడుతున్న నరాలు మళ్ళీ చిగురిస్తాయన్నారు.

మగ్గం మీద తాడు లాగలేక, అన్నం ముద్ద ఎత్తలేక ఊరుకున్న చెయ్యి, దానంతటదే కదులుతోంది. ఇంకేం కావాలి?

"నరాలు మొలకెత్తేయండీ," అంది రత్నమాల.

కుమారస్వామి నవ్వాడు. అప్పటికింకా నవ్వగలిగేవాడు.

వీధి వీధంతా వచ్చి, చెయ్యి వేసి చూసి వెళ్ళారు. కబురు విని కొత్తపేట నుంచి సీతారత్నం వచ్చింది. ఆమె భర్త బంగారరాజుకీ అదే జబ్బు. రత్నమాలే ఆమె చెయ్యి పట్టుకుని భుజం మీద పెట్టింది. సీతారత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సగం కొబ్బరితోట అమ్మయినా సరే ఆ సూది వేయిస్తామని చెప్పి వెళ్ళింది.

చలికాలంలో కుమారస్వామికి ఊపిరి ఆడలేదు. కాకినాడలో నరాల డాక్టరు అంతా విని, నెమ్మదిగా చెప్పాడు. అది మొలక కాదు. నరం చచ్చిపోతుంటే కండ అలాగే కొట్టుకుంటుంది. సూది వేయకముందు కూడా ఉండే ఉంటుంది, మీరు చూసుకోలేదు.

రత్నమాల చూసింది. అతను మగ్గం గుంటలో కూర్చుని ఉండగా ఒకసారి చూసింది. దోమ కుట్టిందనుకుంది.

మొగుడు పోయాక కూడా ఆమె అరచేతిలో ఆ అదురు పోలేదు. కండె పట్టుకున్నా అదే, గిన్నె పట్టుకున్నా అదే. కొత్తపేటవాళ్ళకి నిజం చెబితే తప్ప అది తనని వదలదని భయం పట్టుకుంది.

నెలమాసికం వెళ్ళకుండా ఒకరి గడప తొక్కకూడదన్నారు. అయినా బస్సెక్కింది.

బంగారరాజు వాలుకుర్చీలో ఉన్నాడు. మాట ఎప్పుడో పోయింది. రెండో సూదికి ప్రయాణం కడుతున్నామనీ, మిగిలిన తోట రిజిస్ట్రేషను రేపేననీ సీతారత్నం చెప్పింది.

"మీరు రెండోది వేయించలేకపోయేరు గదండీ పాపం. వేయిస్తే అన్నయ్యగారు ఉందురు," అంది.



సీతారత్నం రత్నమాల చెయ్యి తీసుకుని భర్త కుడి భుజం మీద పెట్టింది.

"చూడండి వదినగారూ. మావారికీ మొలకెత్తేయి గదండీ?"

అరచేతి కింద అదురుతోంది.

బంగారరాజు రెప్ప వేయకుండా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఆయ్, మొలకెత్తేయండీ," అంది రత్నమాల.