శ్రావణానికి ఒక్కటే గీత

“నా కూతుర్ని, నా పెద్దమ్మిని సంపింది మీరే! నెలనెలా లెక్క తెచ్చేను, సూడండి!”

పాడేరు అర్జీల హాల్లో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. సోని సంచి బోర్లించింది. ఆరు గంటలు కొండ దిగి నడిచి, ముంచింగిపుట్టులో బస్సెక్కి వచ్చిన మనిషి. కాళ్ళకి ఇంకా బురద ఆరలేదు. బల్ల మీద పడ్డవి కాగితాలు కావు. బీరు పెట్టెల అట్టముక్కలు. నెలకొకటి చొప్పున పదకొండు. అన్నింటి మీదా బొగ్గు గీతలు.

అధికారి వరహాలరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. “ఏంటమ్మా ఇవి?”

“బీరు జీపు మా పనసగెడ్డ కొండ ఎక్కినప్పుడల్లా ఒక గీత. రాసుకోడానికి మీకు కంప్యూటరుంది. నాకు బొగ్గుంది.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సోని చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

ఆయన అట్టలు తిప్పాడు. కాఫీ డబ్బులు చేతికొచ్చే మాఘంలో పది గీతలు. ఎండలు ముదిరిన వైశాఖంలో పద్దెనిమిది.

“నెలనెలా పెరిగిపోతోందే! మంచినీళ్ళకే గతిలేని కొండకి రోజు విడిచి రోజు బీరా?”

“పెరిగింది కాదు బాబూ. ఇది సూడండి.”

మొదటి అట్టని వేలితో పొడిచింది. వానకి నాని ఉబ్బిన అట్ట. ఒక్కటే గీత.

“పోయిన శ్రావణం. వానల్లో మా సేతిలో పైసా ఆడదు, బీరు కొనీవోడు ఉండడు. ఆ నెల్లోనే పోయింది నా పెద్దమ్మి. ఇరవయ్యేళ్ళ గుంట. ఇప్పుడు మా చిన్నమ్మికి ఏడో నెల. మళ్ళీ శ్రావణం వొస్తంది. ఇదీ అక్క దారే పడితే నానేటి సెయ్యాల?”

వరహాలరావు గొంతు మెత్తబడింది. “తాగొచ్చి కొట్టాడా అల్లుడు?”

సోని నోరు తెరిచేలోగా ఆయన ఫోనందుకున్నాడు. ఆడదాని ఉసురు ఊరికే పోనివ్వనన్నాడు.

“పనసగెడ్డ బీరు జీపు ఇవాళే పట్టుకోండి. ఆ బీరమ్మే షాపుకి తాళం వెయ్యండి. ఇక ఆ కొండకి ఒక్క సీసా ఎక్కకూడదు!”

హాలంతా చప్పట్లు. ఎవరో సోని ఫొటో తీశారు.

ఆమె బల్ల మీదికి వంగి ఆయన చేతిలో ఫోను లాగేసుకుంది.

“జీపు ఆపితే ఊరుకోను బాబూ, వానల్లో కూడా రోజూ పంపండి! మీ అంబులెన్సు ఎక్కని మా కొండ మీంచి నొప్పులొచ్చిన ఆడదాన్ని ఆసుపత్రికి దింపేది, బీరు పెట్టెలు దించేసి ఖాళీగా ఎల్లే ఆ జీపొక్కటే!”