ముడి లేని కుట్టు

“దారానికి ముడి వెయ్యకున్రి మాస్టర్. గుండీలు గూడ వద్దు. నాడాలు పెట్టున్రి.”

దేవప్రసాద్ టేపు మెడలో వేసుకుని ఎదురుగా నిలబడ్డ చైనా డాక్టరును ఎగాదిగా చూశాడు. నాంపల్లి సందులో ఇన్నేళ్లుగా మిషను తొక్కుతున్నాడు గాని ఇలాంటి గిరాకీ ఎప్పుడూ తగల్లేదు.

“ముడి లేకుంటె కుట్టెట్ల నిలుస్తది డాక్టర్ సాబ్?”

“ముడి వేస్తె ప్రాణం గీడనే చిక్కుకుంటదని మా పెద్దలంటరు. ఇది ఆ దినం తొడుక్కునే అంగీ.”

“ఏ దినం?”

లియాంగ్ డాక్టరు మూట విప్పి నీలం పట్టుగుడ్డ పరిచాడు. దాని మీద తెల్లకొంగలు రెక్కలు చాచి ఎగురుతున్నాయి. “ఈ కొంగలు మా ఆమె కుట్టింది,” అన్నాడు. “మా దాంట్ల కొంగ వెయ్యేండ్లు బతుకుతది. పెద్దమనిషి కొంగనెక్కి పడమటికి పోతడు. గా దినం.”

పక్క హోటల్ నుంచి చాయ్ తెచ్చిన దుర్గయ్య నవ్వాడు. “కొంగనా? మా దాంట్ల కొంగజపం అంటె దొంగభక్తి. ఏంది డాక్టర్ సాబ్, సచ్చిన్నాడు తొడిగే అంగీనా?”

డాక్టరు ముఖం చిన్నబోయింది.

“ఆ మాట అనకు దుర్గయ్యా. మేం గూడ ప్రభువులో నిద్రించిన్రు అంటం,” అని దేవప్రసాద్ కసిరాడు.

“మేం కాలం చేసిండంటం. ఏమంటె ఏంది, ఆ ముక్క అననీకి అందరికీ భయమే,” అంటూ దుర్గయ్య గ్లాసులు పెట్టి పోయాడు.

బతికుండగానే ఆ అంగీ కుట్టించి పెట్టెలో పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని వాళ్ల నమ్మకమట. డాక్టరు ఒకప్పుడు ఆబిడ్స్‌లో పేరున్న పళ్ల డాక్టరే. చైనాతో లడాయి అయ్యాక పేషెంట్లు తగ్గారు, చుట్టాలు కలకత్తా వెళ్లిపోయారు, ఆ తర్వాత భార్య కూడా పోయింది. పిల్లలు లేరు. దేవప్రసాద్ సంగతీ అంతే. భార్య మేరమ్మ పోయాక, ఆదివారం పాడుకునే చర్చి పాటలు తప్ప అతని గొంతు ఇంట్లో వినిపించిన రోజు లేదు.

మరుసటి శనివారం డాక్టరు కొలత సరిచూసుకోవడానికి వచ్చి పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. మేరమ్మ చేసే చింతచిగురు పప్పు గురించి దేవప్రసాద్ చెప్పాడు. తన భార్య తెలుగులో తిట్లు ముందు నేర్చుకుందని డాక్టరు చెప్పాడు. ఇద్దరూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు.

డాక్టరు వెళ్లాక దేవప్రసాద్‌కు దిగులు పట్టుకుంది. అంగీ అయిపోతే ఈయన ఇక్కడికెందుకొస్తాడు? తానే ఆబిడ్స్ వెళ్దామంటే, పళ్లసెట్టు మేరమ్మ ఉన్నప్పుడే కట్టించుకున్నాడు. ఆ వంకా లేదు.

అందుకే ఎడమ చెయ్యి కచ్చాకుట్టు వేసినట్టు వదులుగా కుట్టి ఇచ్చాడు. తప్పని తెలిసే ఇచ్చాడు.

శనివారం రాగానే డాక్టరు మూటతో దిగాడు. “మాస్టర్, చెయ్యి ఊడింది.”

“ముడి వద్దన్నది మీరే గద. కూసోన్రి, చాయ్ చెప్త.”

ఈసారి చెయ్యి గట్టిగా కుట్టి, అంచు వదులు చేశాడు. అంచుతో పాటు మెడ కూడా ఊడి వచ్చింది. ఒకచోట పాపం చేస్తే రెండుచోట్ల బయటపడుతుందని దేవప్రసాద్ లోలోపల లెంపలు వేసుకున్నాడు. అయినా బుద్ధి రాలేదు. వానాకాలమంతా అంగీ వస్తూనే ఉంది, పోతూనే ఉంది.

ఒక శనివారం డాక్టరు రాలేదు. ఆ తర్వాతి వారం మూటతో, దగ్గుతూ, గోడ పట్టుకుని వచ్చాడు. జ్వరం తగిలిందట.

“మాస్టర్, ఒక మాట. ఆ దినం అంగీ తొడగనీకి సొంతమనిషి ఉండాలె. నాకెవ్వరు లేరు. మీరు తొడుగుతరా?”

దేవప్రసాద్ మెడలో టేపు తీసి మిషను మీద పెట్టాడు. “తొడుగుత,” అన్నాడు.

డాక్టరు వెళ్తుంటే దుర్గయ్య మెల్లగా అన్నాడు. “జర జల్ది కానియ్యి మాస్టర్. కొంగ చెప్పి వస్తదా?”

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. తన కక్కుర్తి కోసం ఆ పెద్దమనిషిని ఊడిపోయే బట్టలో సాగనంపాలా? పైలోకంలో భార్య ముందు ఆయన చినిగిన అంగీతో నిలబడాలా? మర్నాడు చర్చికి కూడా వెళ్లకుండా, షాపు తలుపు ఓరగా వేసి, కుట్టిందంతా విప్పి మళ్లీ కుట్టాడు. ముడి వెయ్యలేదు గాని ప్రతి కుట్టునూ వెనక్కీ ముందుకీ రెండేసిసార్లు లాగాడు. రెండు చేతులా పట్టి గుంజి చూశాడు. ఒక్క పోగు కదల్లేదు.

తానే ఆబిడ్స్ వెళ్లి ఇచ్చాడు.

“ఇగ ఊడదు డాక్టర్ సాబ్. నాది గ్యారంటీ.”

“పక్కానా?”

“పక్కా.”

డాక్టరు అంగీ మడత పెడుతూ, “మంచిది,” అన్నాడు. ఆ ముఖంలో సంతోషం కనబడలేదు. ఆ దినం దగ్గరపడిందన్న దిగులేమో అనుకున్నాడు దేవప్రసాద్. మంచిపనే చేశానని చెప్పుకుంటూ నాంపల్లి దాకా నడిచాడు.

శనివారం వచ్చింది. దుర్గయ్య అలవాటు కొద్దీ తలుపులోంచి తొంగిచూశాడు. “డాక్టర్ సాబ్ రాడా?”

“ఎందుకొస్తడు? పని అయిపాయె. ఒక్క చాయ్ చాలు.”

అతను గ్లాసు అందుకుంటుండగానే గుమ్మంలో దగ్గు వినిపించింది. లియాంగ్ డాక్టరు చంకలో మూటతో లోపలికి వచ్చి, ఎప్పటి స్టూలు మీదే కూర్చున్నాడు.

“మల్ల ఊడింది మాస్టర్,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “దుర్గయ్యా, ఇంకొక చాయ్!”

దేవప్రసాద్‌కు నమ్మబుద్ధి కాలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, అంగీ భుజం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాడు.

కుట్టు ఊడలేదు, బ్లేడుతో కోసి ఉంది.