మిగిలిన టోఫు

జైలు గేటు దాటిన మున్షిక్ చేతిలో, అతని బ్యాండు డ్రమ్మర్ డోక్సు తెల్లటి టోఫు ముక్క పెట్టాడు. విడుదలైనవాళ్ళకి ఈ సోయా జున్ను తినిపించడం అక్కడి ఆనవాయితీ.

"మొత్తం తినాలన్నా. మిగిలిస్తే మళ్ళీ లోపలికే!"

సియోల్ కుర్రకారుకి రాక్ గిటార్ పిచ్చి పట్టించిన మున్షిక్, గుండు తడుముకుంటూ నవ్వాడు.

"అధ్యక్షుణ్ణి పొగుడుతూ ఒక్క పాట కడితే వదిలేస్తామన్నార్రా. చచ్చినా కట్టనన్నాను. చూశావా, చివరికి వాళ్ళే విసిగిపోయారు!"

డోక్సు తలెత్తలేదు. "ముందు తిను."

ఎదురు కొట్టు రేడియోలో పిల్లలు అధ్యక్షుణ్ణి కీర్తిస్తూ పాడుతున్నారు. మున్షిక్ నమలడం ఆపేశాడు. అది, కూతురు పుట్టిన రోజు తను కట్టిన బాణీ. ఒక్క డోక్సుకే వినిపించాడు.

"సంగీతం, మున్షిక్," అంది రేడియో.

"పాటకి నీ బాణీ, నీ పేరు పెడితేనే విడుదల అన్నారన్నా," డోక్సు గొణిగాడు. "వదిన ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"ఆ డ్రమ్స్ ఎవడివిరా?"

"... నావే. రేడియోవాళ్ళు ఉద్యోగం ఇచ్చారు."

మున్షిక్ నోట్లోది ఉమ్మేశాడు. మిగిలిన టోఫు డోక్సు చేతిలో పెట్టి, వెనక్కి నడిచి జైలు గేటు తట్టాడు.