గుహలో కొత్త తాడు

"పురుగుల పిచ్చి తాతగారు వచ్చేశారు!" నవ్వింది గైడు.

ఆ పెద్దాయన ప్రతి ఆదివారం ఒంటరిగా మిణుగురుల గుహకు వస్తాడు. ఆమె చెప్పే జాగ్రత్తలన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

"టార్చీలు ఆర్పేయండి. గోడలు ముట్టుకోవద్దు. వెలుతురు పడినా, అలికిడైనా అవి ఆరిపోతాయి."

ఆ చీకట్లో ముందువాళ్ళ భుజం మీద చెయ్యేసి, వరసగా నడవడం అక్కడి పద్ధతి.

"తాతగారూ, ఇక ఆ ఇబ్బంది లేదు. మీరు తూలిపడతారేమోనని పోరి మరీ తాడు కట్టించాను. పట్టుకుని నడవండి."

ఆయన తాడు వంక కాసేపు చూశాడు. "మంచి పని చేశావమ్మా."

లోపల గుహ కప్పంతా నీలం చుక్కలు. అందరూ ఊపిరి బిగబట్టి, తాడు పట్టుకుని, ఎవరికి వారే నడిచారు.

బయటికొచ్చాక గైడు అడిగింది. "ఇవాళ భలే వెలిగాయి కదూ?"

"చూళ్ళేదమ్మా."

"అదేంటి! వాటికోసమేగా ప్రతివారం వస్తారు?"

ఆయన తన భుజం తడుముకున్నాడు.

"వారానికోసారైనా ఎవరో ఒకరు ఇక్కడ చెయ్యి వేసేవారు."